పొర దాటిన పచ్చ

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సార్, మీ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన పరీక్ష ఏదండీ" అని. ఎవరికీ దొరకని విషాన్ని నేను దొరకబుచ్చుకున్న సంగతేదో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం నా ప్యాంటు గురించి మొదలుపెడతాను. వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. పెద్దాయనకు మతి తప్పిందని లోపల అనుకుని, పైకి "చెప్పండి సార్, చెప్పండి" అంటారు. మా వైపు వాళ్ల సుగుణం అదే. మనసులో ఏమున్నా, చివర ఒక "అండీ" తగిలించకుండా మాట గడప దాటదు. ఆ మర్యాదే ఒకసారి నా కొంప ముంచింది.

ప్యాంటు దగ్గరకు వెళ్లాలంటే ముందు పొర దాటాలి.

ఏలూరులో ఒక ప్రైవేటు ల్యాబులో నా ఉద్యోగం. చేపలు, రొయ్యలు, మేత, చెరువు నీళ్లు, ఏది తెచ్చినా అందులో ఉండకూడనిది ఏమైనా ఉందా అని చూసి చెప్పడం మా పని. ఉండాల్సింది ఉందా అని ఎవరూ అడగరు. మనుషుల విషయంలోనూ లోకం తీరు అదే కాబట్టి నాకది వింతగా ఉండేది కాదు.

ఈ పనిలో అసలు కష్టం మిషన్ దగ్గర లేదు. మిషన్‌కు ఇచ్చే ముందు శాంపిల్‌ను శుభ్రం చేయడంలో ఉంది. చేప ముక్కలో కొవ్వు ఉంటుంది, మాంసం ఉంటుంది, ఉప్పు ఉంటుంది. మనం వెతికేది వాటి మధ్య ఎక్కడో నలుసులో నలుసంత. పాత పద్ధతిలో అయితే పెద్ద గాజు గరాటులో సాల్వెంటు పోసి, రెక్కలు నొప్పెట్టేదాకా ఊపి, రెండు పొరలుగా విడిపోయేదాకా ఆగి, ఒకటి తీసి, మళ్లీ పోసి, మళ్లీ ఊపాలి. సాయంత్రం ఇంటికి వెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, "ఏవండీ, ఇది నిన్నటి వాసనా, కొత్తదా?" అని అడిగేది. కొత్తదైతే పెరటి వైపు నుంచి రావాలి.

నా రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా మా గదికి ఒక అమ్మాయి వచ్చింది. బాగా చదువుకుని, ఈ శుభ్రం చేసే పద్ధతుల మీదే పరిశోధన చేసి వచ్చిన పిల్ల. ఏ ఊరమ్మా అంటే "గూడెమండీ" అంది.

"ఏ గూడెం?"

"అలా అడక్కూడదండీ. గూడెం అంటే తాడేపల్లిగూడెమే. మిగతా గూడేలు ముందు ఇంటిపేరు చెప్పుకోవాలి."

పక్కనే సామాన్లు సర్దుతున్న మా స్టోర్స్ ఆయనది జంగారెడ్డిగూడెం. ఆ తర్వాత వారం రోజుల పాటు ఆ అమ్మాయి గ్లవ్స్ అడిగితే ఆయన ఒక చేతికే ఇచ్చాడు.

వచ్చిన రెండో రోజే ఆమె సంచిలోంచి సన్నటి తెల్లటి గొట్టాల కట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"సేమియానా?" అన్నాను.

"పొరండీ."

"పొరల సంగతి నాకు చెబుతావా అమ్మా? ముప్పై ఏళ్లుగా గరాటులో పొరలే విడదీస్తున్నాను."

"మాది ఉల్లిపాయల మార్కెట్టున్న ఊరండీ. పొరల సంగతి మాకు మీరు చెబుతారా?"

నోరు మూసుకుని విన్నాను. ఆ గొట్టం గోడ నిండా కంటికి కనపడని చిల్లులు ఉంటాయట. దాన్ని నూనెలాంటి ఒక సాల్వెంటులో క్షణం ముంచి తీస్తే, చిల్లులన్నీ ఆ నూనెను పీల్చుకుని గోడ మొత్తం ఒక నూనె పొర అయిపోతుంది. గొట్టం లోపల ఒక్క బొట్టు యాసిడ్ నీళ్లు. బయట మన శాంపిల్. లోపల ఒక తీగ, బయట ఒక తీగ. కరెంటు పెడితే, ప్లస్ ఛార్జి ఉన్న అణువులు మాత్రం నూనె పొరను దాటుకుని లోపలికి వచ్చి ఆ బొట్టులో చేరతాయి. కొవ్వూ గివ్వూ బయటే ఆగిపోతాయి. పావుగంటలో పని పూర్తి. గరాటు లేదు, ఊపడం లేదు, పెరటి దారి లేదు.

"అంటే ఛార్జీ ఉన్నవాళ్లనే ఎక్కించుకుంటుందన్నమాట, మన బస్సు కండక్టరులా" అన్నాను.

"ఆయన కంటే స్ట్రిక్టండీ. దీని దగ్గర పాసులు చెల్లవు."

పద్ధతి నచ్చింది. చేతికి రావడానికి మాత్రం నెల పట్టింది. మొదటి రోజు తీగలు తారుమారు చేశాను. లోపల ఉండాల్సిన మైనస్ తీగను బయట, బయట ఉండాల్సిన ప్లస్‌ను లోపల పెట్టి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. అతిథులను భోజనానికి పిలిచి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడినట్టు. రెండో రోజు తీగలు సరిగానే పెట్టాను గానీ, తొందరగా తేలిపోతుంది కదా అని వోల్టేజి ఎక్కువ పెంచాను. లోపల బుడగలు లేచాయి, మీటరు ముల్లు ఎగిరింది, పొర చిట్లి బయటిదంతా లోపలికి వచ్చేసింది. "ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి. "పొర చేసిన పాటమ్మా, అందుకే పొరపాటు అన్నారు" అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాడు వోల్టేజి తిప్పే నాబ్ పక్కన ఎర్ర గీత ఒకటి కనపడింది. కింద చిన్న అక్షరాలతో "సార్‌కు ఇక్కడి దాకానే" అని రాసి ఉంది.

ఈ పద్ధతిని మేం ముఖ్యంగా ఒక రంగు కోసం వాడేవాళ్లం. పేరు మాలకైట్ గ్రీన్. ముదురు ఆకుపచ్చ. చేపకు బూజు తెగులు వస్తే ఒకప్పుడు చెరువుల్లో మందుగా కలిపేవారు. మనుషులు తినే చేపల్లో ఉండకూడదని తర్వాత నిషేధించారు. ఈ రంగు చేప ఒంట్లోకి వెళ్తే బుద్ధిగా పచ్చగా ఉండదు. రంగు వదిలేసి, తెల్లబోయి, కొవ్వులో దాక్కుంటుంది. తెల్లగా ఉన్నదాన్ని మా మిషన్ చూడలేదు. అందుకని శాంపిల్‌లో ముందే ఇంకో మందు కలిపి, తెల్ల రూపాన్ని తిరిగి పచ్చగా మార్చి, అప్పుడు పొర దాటించి కొలిచేవాళ్లం. అంటే పచ్చగా వచ్చిందీ, తెల్లగా దాక్కున్నదీ కలిపి ఒకే లెక్క. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయింది ఇదే.

ఇంక నలభై రోజుల్లో రిటైరవుతాననగా ఒక శుక్రవారం, కొల్లేరు వైపు ఒక చేపల చెరువుకు శాంపిల్ తేవడానికి నేనే బయలుదేరాను. మామూలుగా వెళ్లే అతనికి జ్వరం. నాకూ గది వదిలి గట్ల మీద తిరిగి చాలాకాలమైంది. ఆ ముందటేడే రెండు కళ్లకూ పొరలు తీయించుకున్నాను కాబట్టి కొంగలు, బాతులు, చెరువుల మీద ఎండ అన్నీ కొత్తగా కనపడుతున్నాయి. ఒక్కటి తప్ప అన్నీ కనపడ్డాయని తర్వాత తేలింది.

రైతు నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఊళ్లో చర్చి పెద్ద కూడా. చెరువులో శీలావతి, బొచ్చె బాగా ఎదిగి ఉన్నాయి. వచ్చే గురువారం వేరే రాష్ట్రం మార్కెట్టుకు లారీ వస్తుంది. కొనే ఆయనకు మా ల్యాబు కాగితం కావాలి. ఆ వారం మబ్బులు పట్టే సూచనలు ఉన్నాయి. నిండుగా ఎదిగిన చెరువు మీద మబ్బు కమ్మితే నీళ్లలో గాలి తగ్గుతుంది, చేపలు చచ్చి తేలిపోతాయి. గురువారం దాటితే ఏం మిగులుతుందో చెప్పలేం.

"కాగితం సోమవారానికి ఇచ్చేస్తారా అండీ?"

"ఇచ్చేస్తామండీ."

"మా చెరువులో ఏ మందూ పడలేదండీ. పిండి, తవుడు, చెక్క, అంతే. నేను చెప్పాను కదా అని ఇవ్వక్కర్లేదు, మీరు చూసే ఇవ్వండి."

వల వేసి నాలుగు చేపలు తీశారు. గట్టంతా బురద. ఇంతలో ఆయన భార్య పూరిపాక లోంచి తొంగి చూసి కేకేసింది.

"ఏవండీ, ఆ సారును బురదలో కూర్చోబెడతారేంటండీ? తెల్ల ప్యాంటు వేసుకొచ్చారు, పాడైపోతుంది. ఆ కొత్త చాప పరవండి."

చుట్టచుట్టి ఉన్న తుంగ చాప విప్పారు. ఇంకా ఎవరూ కూర్చోలేదు, నీళ్లు తగల్లేదు. పచ్చ చారలు, ఎర్ర అంచు, పెళ్లికూతురిలా ఉంది. నేను కూర్చున్నాను. చేపలనూ దాని మీదే పెట్టారు, "బురద అంటితే మీ పరీక్షకు బాగుండదేమో" అంటూ. నా సంచిలో ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ షీటు ఉంది. శాంపిల్ చేపను దాని మీదే పెట్టాలి, దాని మీదే కోయాలి, అది రూలు. కానీ ఆవిడ అంత ప్రేమగా కొత్త చాప వేయించాక, దాని మీద నా షీటు పరిస్తే ఏమనుకుంటారు? మీ చాప శుభ్రంగా లేదని అన్నట్టు ఉండదూ? ఆవిడ మర్యాదను మడతపెట్టలేక నేను షీటు మడత విప్పలేదు. తడి చేపలను ఆ చాప మీదే చర్మంతో సహా ముక్కలు కోసి, డబ్బాల్లో వేసి, ఐసులో పెట్టుకున్నాను. మజ్జిగ ఇచ్చారు, తాగాను. ఇంకో గ్లాసు ఇచ్చారు, మర్యాద కదా అని అదీ తాగాను.

చాప కింద నీరులా అంటారు చూడండి, ఇక్కడ నీరు చాప మీదే ఉంది. అయినా నాకు కనపడలేదు.

సోమవారం ఉదయం ఆ అమ్మాయే పరీక్ష పెట్టింది. పావుగంటలో గొట్టంలోని బొట్టు లేతగా పచ్చబడింది. మామూలుగా మిషన్ చెబితే గానీ తెలియని రంగు అది. ఈసారి కంటికే కనపడింది. మిషన్ కూడా అవుననే చెప్పింది. చేప కలపని ఖాళీ శాంపిల్ పెట్టి చూశాం, అందులో ఏమీ లేదు. అంటే మా గొట్టాల్లో, మా నీళ్లలో తప్పు లేదు.

"ఆయన చాలా గట్టిగా చెప్పారమ్మా, ఏ మందూ వేయలేదని" అన్నాను.

"అందరూ అలాగే చెబుతారండీ."

నిజమే, అందరూ అలాగే చెబుతారు. సంతకం పెట్టాను. మా వైపు చెరువులో చేపలు పట్టడాన్ని పట్టుబడి అంటారు. ఆయన పట్టుబడికి సిద్ధమవుతుంటే, నేనేమో ఆయన పట్టుబడ్డాడని రాసిచ్చాను.

సాయంత్రం నాలుగింటికి ఆయన ల్యాబుకు వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. కేకలు వేసి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుంటూ, మెల్లగా మాట్లాడాడు.

"కొనే ఆయన లారీ వద్దన్నాడండీ. అది సరే. మా కాలవ మీద ఇంకో ఆరు చెరువులున్నాయి. వాళ్లందరూ నా మాట మీద ఆయనకు ఇద్దామనుకున్నారు. ఇప్పుడు నన్ను చూసి పక్కకు తిరుగుతున్నారండీ. నిన్నటి ఆదివారం నేనే వాళ్లకు వాక్యం చదివి చెప్పాను, సాక్ష్యం అబద్ధం కాకూడదని."

"మిషన్ చెప్పిందండీ" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత నీరసమైన మాట నేను ఇంకోటి అనలేదు.

"మిషన్‌కు నా మీద కోపం ఎందుకుంటుందండీ" అన్నాడాయన. "ఉందంటే ఉన్నట్టే. ఎలా వచ్చిందో చెప్పండి. అది తెలిస్తే చాలు."

ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. ఆయన లేచి, "వస్తానండీ" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నన్ను తిట్టిన వాళ్లెందరో ఉన్నారు, ఒక్కరూ గుర్తులేరు. ఆ దణ్ణం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు మంగళవారం, మా ఇంట్లో బట్టలు ఉతికే రోజు. నేను పేపరు చదువుతున్నాను. పెరట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది.

"ఏవండీ, మీరేమైనా పెయింటు బల్ల మీద కూర్చున్నారా?"

"లేదే."

"మరి వెనకాల ఇదేంటండీ, బడి పిల్లాడి కాపీ పుస్తకంలా గీతలు? తడిపేసరికి బకెట్టంతా పచ్చనైపోయింది. నా జాకెట్టు కూడా పోయింది!"

వెళ్లి చూశాను. నా తెల్ల ప్యాంటు సీటు మీద సమాన దూరంలో నాలుగు ఆకుపచ్చ చారలు ఉన్నాయి. బకెట్టులో నీళ్లు సోమవారం నాటి బొట్టు రంగులోనే ఉన్నాయి.

"ఆ నీళ్లు పారబోయకు!" అని అరిచాను. మా ఆవిడ చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహం చూస్తే, నేను ల్యాబు వదిలే రోజు దగ్గరపడి మనసు చెదిరిందనుకున్నట్టే ఉంది.

ఫోను చేశాను. ఆ అమ్మాయి అప్పటికే, రోజూలాగే, గూడెంలో రైలెక్కింది. పెట్టె నిండా జనం గోల.

"అమ్మా, చాప! చాప వల్లే!"

"చేపేనండీ. చేపలోనే వచ్చింది, చూశాం కదా."

"చేప కాదమ్మా, చాప!"

"ఔనండీ, చేపే అంటున్నాను!"

"చా! చాకిరీలో చా! మన చాకిరీలో చా!"

"కూర్చునే చాపా అండీ?"

"నేను కూర్చున్న చాప!"

ముప్పై ఏళ్లు ఎనాలిసిస్ చేసినవాణ్ణి, ఒక్క గుణింతం దగ్గర ఇంత బోల్తా పడ్డాను. చాపలకు వేసే చవక ఆకుపచ్చ అద్దకం చాలాచోట్ల ఇదే రంగు. పాతబడితే వెలిసి కుదురుకుంటుంది, కొత్తదైతే తడి తగలగానే కారుతుంది. తడి చేప, తడి చెయ్యి, పదునైన కత్తి.

ప్యాంటును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ల్యాబుకు వెళ్లాను. సీటు లోంచి అగ్గిపెట్టెంత ముక్క ఆ అమ్మాయే కత్తిరించింది. మా రిజిస్టరులో ప్రతి శాంపిల్‌కూ వివరం రాయాలి. ఆమె కలం పట్టుకుని, "ఏమని రాయమంటారండీ?" అంది.

"ప్యాంటు."

"ఏ భాగమండీ? రిజిస్టరులో భాగం కాలమ్ ఉంది."

"ఖాళీగా వదిలెయ్."

"ఖాళీలు వదలకూడదని మీరే చెప్పారండీ" అంటూ ఏదో రాసేసింది. ఏం రాసిందో నేను చూడలేదు. ఇప్పటికీ చూడదలచుకోలేదు.

ప్యాంటు ముక్క నానబెట్టిన నీళ్లు పొర బయట పోసి కరెంటు పెట్టాం. బొట్టు పచ్చబడింది. మిషన్‌లో అదే చోట అదే గుర్తు. నేను ఎగిరి గంతేయబోయాను. ఆ అమ్మాయి ఆపింది.

"చాపలో రంగు ఉందని తేలిందండీ. చెరువులో లేదని తేలలేదు. రెండూ ఉండొచ్చు కదా."

ఆ మాట నేను అనాల్సింది. నలభై రోజుల్లో ఆ గది ఎవరి చేతికి వెళ్తుందోనని అంతదాకా నాకు చిన్న బెంగ ఉండేది. అప్పుడే అది పోయింది.

ఫ్రిజ్‌లో శుక్రవారం శాంపిల్ మిగులు ఉంది. దాన్ని రెండు భాగాలు చేశాం. ఒకదానిలో తెల్ల రూపాన్ని పచ్చగా మార్చే మందు మామూలుగా కలిపాం, రెండోదానిలో కలపలేదు. చెరువులో వేసిన రంగు చేప ఒంట్లోకి వెళ్లి ఉంటే, అది ఎక్కువగా తెల్లగా మారి కొవ్వులో ఉండాలి. అప్పుడు మందు కలిపిన దాంట్లో ఎక్కువ, కలపని దాంట్లో తక్కువ రావాలి. చేప చచ్చాక పైనుంచి అంటిన రంగైతే తెల్లబడే అవకాశమే లేదు. చచ్చిన చేప ఏ రంగునూ అరిగించుకోదు కదా. అప్పుడు రెండూ సమానంగా రావాలి.

రెండు గొట్టాలు, రెండు బొట్లు, పావుగంట. ఆ పావుగంట నేను మీటరు వైపు, ఆమె నా చేతి వైపు చూస్తూ కూర్చున్నాం. ఆమె భయం ఎర్ర గీత గురించి.

రెండూ సమానంగా వచ్చాయి. కాగితాన్ని మూడుసార్లు తిప్పి చూశాను. దాక్కున్న తెల్ల రంగు ఒక్క చుక్క కూడా లేదు. ఆ రంగు ఏనాడూ ఆ చేప ఒంట్లో లేదు.

బుధవారం తెల్లవారుతూనే ఆ అమ్మాయే చెరువుకు వెళ్లింది. షీటు పరిచే చేపలు కోసిందట. రైతు భార్య మజ్జిగ ఇస్తే, "పని అయ్యాక తాగుతానండీ" అందట. అంత చిన్న వాక్యం, అంత మర్యాదగా, ముప్పై ఏళ్లలో నాకెందుకు తట్టలేదో! కొత్త చేపలో ఏమీ లేదు, నీళ్లలోనూ లేదు. బొట్టు మంచినీళ్లలా ఉంది.

మధ్యాహ్నం మా మేనేజరు గారి గదిలోకి వెళ్లాను. మంచి మనిషి. అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంకేముందండీ, కొత్త శాంపిల్ మీద కొత్త రిపోర్టు ఇచ్చేద్దాం. పాతదాని సంగతి ఎందుకు కదపడం? నెల రోజుల్లో పూలదండ వేయించుకునే మనిషి మీరు."

"పాతది అలాగే ఉంటే, సోమవారం ఉన్నది బుధవారానికి ఎలా పోయిందంటారండీ జనం. నీళ్లు మార్చాడంటారు, వేరే చెరువు చేప చూపించాడంటారు. ఎలా వచ్చిందో రాస్తేనే ఆయన మాట నిలబడుతుందండీ."

"సరే, 'రైతు వేసిన చాప నుంచి' అని రాయండి. నిజమే కదా."

నిజమే. ఆ ఒక్క మాటలో నేను హాయిగా దాక్కోవచ్చు, కొవ్వులో రంగులాగ. కానీ ఆ చాప పరవమన్న ఆవిడ గుర్తొచ్చింది. నా ప్యాంటు పాడైపోతుందని కదా పరవమంది. ఆ కాగితం ఆ ఊళ్లో పదిమంది చదువుతారు. తన చాప వల్లే లారీ ఆగిందని ఆవిడ జన్మంతా అనుకోవాలా?

"చాప వాళ్లు వేశారండీ. చేపను దాని మీద పెట్టి కోసింది నేను. షీటు నా సంచిలోనే ఉంది."

ఆయన కాగితం నా వైపు జరిపారు. "మీరే రాయండి. సంతకం కూడా మీదే."

రాశాను. ఉద్యోగంలో ఎన్ని వందల రిపోర్టులు రాశానో, ఏదీ ఇంత పొట్టిగా లేదు, ఏదీ ఇంతసేపు పట్టలేదు. మూడు గంటలకు దాన్ని రైతు ఫోనుకు, కొనే ఆయనకు పంపించాం. అప్పటికే ఏలూరు మీద మబ్బు దిగింది.

పిల్లలూ, ఇక్కడ నేను ఒక నీతి చెబుతానని మీరు ఎదురుచూస్తుంటారు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నాకేమీ తేలిక కాలేదు. ఒప్పుకోవడం మన హాయి కోసం కాదని మాత్రం తెలిసింది. అవతల ఒకాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు, ఆయన కోసం.

గురువారం ఉదయం పదింటికి ఆయన ఫోను చేశాడు. ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. వెనక చాలామంది గొంతులు, లారీ ఇంజను చప్పుడు.

"సార్, నమస్కారమండీ. మీ కాగితం ఇంగ్లీషులో ఉందండీ. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మీరే కాస్త తెలుగులో చదివి చెబుతారా అండీ? స్పీకర్లో పెట్టాను."

కాగితం తీసి చదివాను. "ఈ చేప ఒంట్లో గానీ, ఈ చెరువు నీళ్లలో గానీ ఆ రంగు లేదు. మొదటి రిపోర్టులో కనపడిన రంగు, శాంపిల్ తీసిన ల్యాబు ఉద్యోగి షీటు వాడకపోవడం వల్ల, కోసేటప్పుడు బయటి నుంచి అంటుకున్నది. ఆ రిపోర్టును రద్దు చేస్తున్నాం."

తర్వాత ఆయన గొంతు. "ఇంకోసారి చదవండి సార్. పక్క చెరువుల వాళ్లు ఇప్పుడే వచ్చారు."

మళ్లీ చదివాను. ఈసారి కొంచెం గట్టిగా. వెనక ఎవరో అడిగారు, "ఆ ల్యాబు ఉద్యోగి ఎవరంటండీ?" అని.

"నేనేనండీ" అన్నాను ఫోనులో.

ఎవరో ఫక్కున నవ్వారు. "పోనీలెండి, చదివేది కూడా ఆయనే" అన్నారు ఇంకెవరో. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్, ఏమీ అనుకోకపోతే ఇంకొక్కసారండీ" అన్నాడు రైతు. "మా ఆవిడ లోపల ఉంది. నిన్న మీ ల్యాబు అమ్మాయి గారు చాప సంగతి అడిగినప్పటి నుంచి బయటికి రావడం లేదు. ఇదిగో, వస్తోంది. ఆ ఒక్క ముక్క, ఎవరి వల్ల అన్నది, మెల్లగా చదవండి."

మూడోసారి కాగితం చూడాల్సిన పని లేకపోయింది. "శాంపిల్ తీసిన ల్యాబు ఉద్యోగి షీటు వాడకపోవడం వల్ల" అని ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"విన్నావా?" అన్నాడాయన, మాతో కాదు. ఆవిడ ఏమందో వినపడలేదు. తర్వాత ఆయన గొంతు దూరంగా, బాగా గట్టిగా వినపడింది.

"ఇంకేం చూస్తారండీ, వల దించండి!"

ఫోను ఎక్కడో పెట్టేశాడు, కట్ చేయడం మర్చిపోయాడు. కాళ్లు నీళ్లలో దిగుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో కేకేయడం, అటు లాగండి ఇటు లాగండి అంటూ గోల. కాసేపటికి ఒక్కసారిగా వందల తోకలు నీళ్లను కొట్టిన చప్పుడు వినపడింది.

"సార్, వాళ్లు మర్చిపోయినట్టున్నారు. మనమే కట్ చేద్దామా అండీ?" అంది ఆ అమ్మాయి.

"ఉండమ్మా" అన్నాను. "ఇంకొంచెం సేపు."